థాంక్స్‌గివింగ్ ఎపిసోడ్‌లో తేదీల లెక్క: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు, శనివారం

'ఫ్రెండ్స్' అనే అమెరికన్ సిట్‌కామ్‌ (టీవీ హాస్య సీరియల్)లోని ఒకే ఒక్క ఎపిసోడ్‌ను ఎంచుకుని, అది చెప్పే గతం మిగిలిన ఎపిసోడ్‌లు చెప్పిన గతంతో ఎక్కడెక్కడ పొసగడం లేదో ఒక పట్టికలో పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ పని ఈ రోజు మొదలైంది. ఎంచుకున్నది ఐదో సీజన్‌లోని ఎనిమిదో ఎపిసోడ్. 'ద వన్ విత్ ఆల్ ద థాంక్స్‌గివింగ్స్' అనే పేరుతో కొన్నిచోట్ల, 'ద వన్ విత్ ద థాంక్స్‌గివింగ్ ఫ్లాష్‌బ్యాక్స్' అనే పేరుతో మరికొన్నిచోట్ల దొరికే ఈ ఎపిసోడ్ 1998 నవంబరు 19న, అంటే అమెరికాలో ఆ పండుగకు సరిగ్గా వారం ముందు, ఎన్‌బీసీ చానల్‌లో ప్రసారమైంది.

దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇందులో కథంతా జ్ఞాపకాల మీదే నడుస్తుంది. పండుగ భోజనం ముగించి కూర్చున్న ఆరుగురు మిత్రులు (మోనికా, ఆమె అన్న రాస్, రేచల్, ఫీబీ, చాండ్లర్, జోయీ) తమ జీవితంలో అన్నిటికంటే చేదు థాంక్స్‌గివింగ్ ఏదో ఒకరి తరువాత ఒకరు చెప్పుకుంటారు. ప్రతి జ్ఞాపకానికీ ఒక సంవత్సరం ఉంది: చాండ్లర్ చిన్నతనంలోనిది 1978, ఫీబీ తన పూర్వజన్మదిగా చెప్పేది 1862, జోయీది 1992, మోనికాకూ చాండ్లర్‌కూ సంబంధించినవి 1987, 1988. ఇంత స్పష్టంగా సంవత్సరాలు చెప్పే ఎపిసోడ్‌లు ఆ సీరియల్ మొత్తంలో తక్కువ. సంవత్సరం ఉంటే లెక్క వేయవచ్చు, లెక్క వేస్తే తప్పు ఉందో లేదో తేల్చవచ్చు.

ఎక్సెల్‌లో ఐదు నిలువు వరుసలతో ఒక షీటు తయారుచేశాను: సన్నివేశం, కథలో దాని తేదీ, అందులో చెప్పిన విషయం, దానికి విరుద్ధంగా ఉన్న మరో ఎపిసోడ్, నా నిర్ణయం. చివరి గడిలో 'పొరపాటు', 'సందేహం', 'పొరపాటు కాదు' అనే మూడు మాటల్లో ఒకటి మాత్రమే రాయాలన్నది నాకు నేను పెట్టుకున్న నియమం.

రెండో రోజు

సాయంత్రమంతా ఒక పనికిరాని దారిలో నడిచి వెనక్కి వచ్చాను. అయినా ఆ దారి ఎందుకు వదిలేశానో రాసి పెట్టుకోవాలి.

కంటిన్యుటీ (ఒకచోట చూపినది మరోచోట చూపినదానితో పొసగడం) అనగానే చాలామందికి గుర్తొచ్చేవి కంటికి కనిపించే పొరపాట్లు: ఒక షాట్‌లో నిండుగా ఉన్న కప్పు తరువాతి షాట్‌లో ఖాళీ కావడం, భుజం ముందున్న జుట్టు వెనక్కి వెళ్లడం వంటివి. రిమోట్ పట్టుకుని ఆపుతూ, వెనక్కి తిప్పుతూ వాటిని పట్టుకోవడంలో ఆనందం ఉంది, కాదనను. కానీ ఈ సీరియల్‌ను ప్రేక్షకుల ఎదుట, నాలుగు కెమెరాలతో, ఒక్కో సన్నివేశాన్ని పలుమార్లు నటింపజేసి చిత్రీకరించేవారు. నవ్వు సరిగ్గా రాని చోట అక్కడికక్కడే మాట మార్చి మళ్లీ తీసేవారు. అలా తీసిన వాటిలోంచి ఎడిటర్ నటన బాగున్న టేకును ఎంచుకుంటాడు, కప్పులో కాఫీ మట్టం సరిపోయిన టేకును కాదు. పైగా పాత టీవీ తెర చదరానికి దగ్గరగా ఉండే నాలుగు-మూడు నిష్పత్తికి తీసిన ఈ దృశ్యాలను, 2012లో బ్లూ-రే డిస్కుల కోసం మూల ఫిల్ము నుంచి మళ్లీ స్కాన్ చేసి వెడల్పు తెరకు మార్చినప్పుడు, అంతకు ముందు అంచుల బయట దాగిపోయినవి కూడా లోపలికి వచ్చాయి. నటీనటుల స్థానంలో నిలబడిన స్టాండ్-ఇన్‌లు కొన్ని ఎపిసోడ్‌లలో స్పష్టంగా కనిపిస్తారు. వాటిని తీసినవారి తప్పుగా లెక్క వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే వాళ్లు ఆ వెడల్పు కోసం తీయలేదు.

అందుకని కంటికి కనిపించే పొరపాట్లను ఈ ప్రాజెక్టు నుంచి పూర్తిగా తొలగించాను. ఒక్కదాన్ని మాత్రం నమూనాగా ఉంచుకున్నాను: తొలి ఎపిసోడ్‌లలో మోనికా ఇంటి తలుపు మీద 5, చాండ్లర్, జోయీ ఉండే ఎదురింటి తలుపు మీద 4 ఉండేవి. అది కింది అంతస్తు నంబరులా ఉందని, కథలో ఇల్లు పై అంతస్తులో ఉందని తరువాత గ్రహించి, వాటిని 20, 19గా మార్చారు. పొరపాటును తామే గుర్తించి, తామే దిద్దుకున్న సందర్భం ఇది. దీనితో పోల్చి మిగతావాటిని చూడాలి.

మూడో రోజు

ఈ రోజు చేతులారా ఒక తప్పు చేశాను. కథా తేదీ ఉన్న నిలువు వరుసను మాత్రమే ఎంచుకుని పాత తేదీ నుంచి కొత్త తేదీకి అమర్చమన్నాను, మిగతా నిలువు వరుసలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. దాంతో 1862 పక్కకు జోయీ, 1992 పక్కకు విడాకులు వచ్చి కూర్చున్నాయి. అప్పటికే సేవ్ చేసి మూసేశాను కనుక వెనక్కి తిప్పే వీలు కూడా లేకపోయింది. ఇరవై మూడు వరుసలనూ మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాను. ఇకపై ఏ రోజు షీటును ఆ రోజు తేదీతో విడిగా దాచుకుంటాను.

మళ్లీ రాయడం వల్ల మేలు కూడా జరిగింది, ఎందుకంటే మొదటిసారి తొందరలో వదిలేసిన ఒక చిన్న విషయం ఈసారి కంటపడింది. మొదటి సీజన్‌లోని థాంక్స్‌గివింగ్ ఎపిసోడ్‌లో, అంటే 1994 నవంబరులో ప్రసారమైన దానిలో, చాండ్లర్ తన తొమ్మిదేళ్ల వయసు నాటి సంగతి చెబుతాడు. పండుగ భోజనం అప్పుడే ముగిసిందని, నోటి నిండా పంప్‌కిన్ పై (గుమ్మడికాయతో చేసే తీపి వంటకం) ఉందని, సరిగ్గా ఆ క్షణంలోనే అమ్మానాన్నలు విడిపోతున్నట్టు చెప్పారని అంటాడు. నోట్లో ఉన్న ఆ ముద్ద తనకు చాలా స్పష్టంగా గుర్తుందని ప్రత్యేకంగా నొక్కి చెబుతాడు కూడా. నాలుగేళ్ల తరువాత ఐదో సీజన్‌లో అదే సంఘటనను మన కళ్లెదుట చూపించినప్పుడు, తల్లి విడాకుల మాట చెప్పీ చెప్పకముందే పనివాడు లోపలికి వచ్చి ఇంకొంచెం టర్కీ (ఆ పండుగకు వండే టర్కీ కోడి మాంసం) వడ్డించనా అని అడుగుతాడు. భోజనం ముగిసి తీపి దాకా వచ్చినవాడికి మళ్లీ మాంసం వడ్డిస్తారా? తండ్రి ఆ పనివాడి కోసమే విడిపోతున్నాడని తల్లి అప్పుడే చెప్పింది, ఆ మనిషి వెంటనే ప్రేక్షకుడికి కనిపించాలి, కాబట్టి పనివాడు ఏదో ఒకటి వడ్డించడానికి రావలసిందే. అయినా పంప్‌కిన్ పై తెచ్చి ఉంటే రెండూ పొసిగేవి. పట్టికలో 'పొరపాటు' అని రాశాను. ఇంత చిన్నది నాకు దొరికినందుకు ఎంతో సంతోషంగా ఉంది.

వయసు లెక్క మాత్రం చక్కగా కుదిరింది. 1978లో తొమ్మిదేళ్లవాడు 1987 నవంబరు నాటికి పద్దెనిమిదేళ్లవాడవుతాడు, అంటే కాలేజీ మొదటి సంవత్సరం. రాస్ తన కాలేజీ రూమ్మేటుగా అతన్ని ఇంటికి తీసుకువచ్చిందీ ఆ పండుగకే.

ఐదో రోజు

మా నాయనమ్మ ఏ సంగతినీ సంవత్సరంతో చెప్పేది కాదు. "ఉప్పెన వచ్చిన ఏడాది మీ బాబాయి పెళ్లి, ఆ మరుసటి సంక్రాంతికి మీ అత్త కడుపుతో ఉంది" అనేది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చిందని తెలిసినవాడికి ఆవిడ చెప్పిన ప్రతి తేదీ దొరికేది. కథల్లో కాలాన్ని పట్టుకోవడానికీ ఇంతకంటే మంచి పద్ధతి లేదు: కదలని ఒక సంఘటనను గుంజగా పాతి, మిగిలినవి దానికి ముందా వెనకా అని కట్టుకుంటూ పోవాలి. ఈ ప్రాజెక్టుకు నేను పాతిన గుంజ మూడో సీజన్‌లోని ఆరో ఎపిసోడ్.

1996 అక్టోబరు 31న ప్రసారమైన ఆ ఎపిసోడ్ మనల్ని మూడేళ్లు వెనక్కి, అంటే 1993కు తీసుకువెళ్తుంది. చాండ్లర్ రూమ్మేటు కోసం వెతుకుతుంటాడు, జోయీ ముక్కూమొహం తెలియని మనిషిలా గది చూసుకోవడానికి వస్తాడు, మోనికా అతన్ని అక్కడే తొలిసారి చూస్తుంది. ఆమె నిమ్మరసం తాగుతారా అని అడిగినదాన్ని జోయీ వేరే అర్థంలో తీసుకోవడం ఆ ఎపిసోడ్ చూసినవారెవరూ మరచిపోలేరు. కాబట్టి 1993కు ముందు జోయీకి ఈ మిత్రబృందంతో పరిచయం లేదు.

ఇప్పుడు మన ఎపిసోడ్‌లో 1992 థాంక్స్‌గివింగ్ చూడండి. మోనికా ఇంట్లోనే, జోయీ తల పచ్చి టర్కీలో ఇరుక్కుపోయి ఉంటుంది. చాండ్లర్‌ను భయపెట్టడానికి దాన్ని తలకు తొడుక్కున్నానంటాడు, లోపల దుర్వాసన వస్తోందని ఫీబీతో మొరపెట్టుకుంటాడు. మోనికా వచ్చి, తన తల్లిదండ్రుల ఇంట్లో ఇరవైమందికి పెట్టవలసిన పక్షి అది అని మండిపడుతుంది. ముగ్గురూ ఏళ్ల తరబడి కలిసి తిరిగినవాళ్లలా ఉన్నారు. ఆ సన్నివేశాన్ని నాలుగుసార్లు చూశాను. 'మూడేళ్ల క్రితం' అన్నదాన్ని ఉజ్జాయింపుగా తీసుకున్నా లాభం లేదు, ఎందుకంటే 1992 నవంబరు 26 నుంచి 1996 అక్టోబరు 31కి నాలుగేళ్లు నిండటానికి నెల రోజులు కూడా తక్కువ లేవు. నాలుగేళ్లను మూడని ఎవరూ అనరు. ఎర్ర రంగుతో 'పొరపాటు'.

ఏడో రోజు

అక్క డాలస్ నుంచి ఫోన్ చేసింది. ఇరవై ఏళ్లుగా అక్కడ ఉంటోంది కనుక పండుగ సంగతులు ఆమెను అడిగితేనే నాకు నమ్మకం. థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం వస్తుందని, 'ఫ్రెండ్స్' కూడా గురువారాలే ప్రసారమయ్యేదని గుర్తుచేసింది. ఆ తరువాత నా పట్టికలో ఫీబీ వరుస చదివి వినిపించమంది.

"ఒరేయ్, 1862 అని రాశావు. లింకన్ దాన్ని దేశమంతటికీ పండుగగా ప్రకటించింది 1863లో కదరా. ఏడాది ముందే ఎలా చేసుకున్నారు?"

ఒక్క క్షణం ఎగిరి గంతేశాను. ఫీబీ తాను పూర్వజన్మలో యుద్ధభూమిలో నర్సుగా ఉన్నానని, కట్టుగుడ్డలు అడుగుతుండగానే చేయి తెగిపోయిందని చెప్పే ఆ ముచ్చట్లో ఇంత పెద్ద తప్పు దొరికిందా అనిపించింది. కానీ నిదానంగా ఆలోచిస్తే, లింకన్ ప్రకటనకు ముందు కూడా అనేక రాష్ట్రాలు తమ తమ తేదీల్లో థాంక్స్‌గివింగ్ జరుపుకొనేవి. మసాచుసెట్స్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన నర్సుకు 1862లో ఆ పండుగ తెలిసే ఉంటుంది. అక్కకు ఆ మాటే చెప్పాను. "అయితే కొట్టెయ్యరా, లేని తప్పు అంటగట్టడం కూడా తప్పే" అంది. 'పొరపాటు కాదు' అని రాశాను. ఎవరో ఒకరు తప్పకుండా ఇదే ప్రశ్న వేస్తారు కాబట్టి వరుసను మాత్రం తొలగించలేదు.

ఎనిమిదో రోజు

మరో వరుసను కూడా వదులుకున్నాను. రెండో సీజన్‌లో, 1996 ఫిబ్రవరిలో ప్రసారమైన ప్రామ్ (హైస్కూలు చివరి నృత్య వేడుక) వీడియో ఎపిసోడ్‌లో, లావుగా ఉన్న నాటి మోనికాను టీవీ తెర మీద చూసి అందరూ నిర్ఘాంతపోతారని, 1987లోనే ఆమెను అలా చూసిన చాండ్లర్ కూడా ఆశ్చర్యపోవడం పొరపాటని మొదట రాసుకున్నాను. డిస్కు పెట్టి చూస్తే సంగతి వేరు. ఎవరో మోనికాను తినేశారని బిత్తరపోయేది జోయీ, అతనికి ఆ రోజులు తెలియవు. చాండ్లర్ అనేది మరొక మాట. కెమెరా మనిషిని పది పౌండ్లు లావుగా చూపిస్తుందని మోనికా సర్దిచెప్పుకోగా, అయితే నీ మీద ఎన్ని కెమెరాలు పెట్టారని అడుగుతాడు. అందులో ఎగతాళి ఉంది గాని ఆశ్చర్యం లేదు. జ్ఞాపకాన్ని నమ్మి రాసిన వరుసలన్నిటినీ డిస్కుతో సరిచూడాలని దీనితో నిర్ణయించుకున్నాను. రెండు రోజులు పట్టింది, నాలుగు వరుసలు పోయాయి.

పదకొండో రోజు

చాండ్లర్, రేచల్ మొదటిసారి ఎప్పుడు కలిశారు? ఈ ఒక్క ప్రశ్నకు పట్టికలో ఆరు వరుసలు పట్టాయి.

1994 సెప్టెంబరులో ప్రసారమైన మొట్టమొదటి ఎపిసోడ్‌లో, పెళ్లిపీటల మీద నుంచి పారిపోయి వచ్చిన రేచల్‌కు మోనికా తన మిత్రులను పరిచయం చేస్తుంది. ఇతను చాండ్లర్, ఈమె ఫీబీ, ఇతను జోయీ అని వరుసగా చెప్పి, రాస్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మా అన్నయ్య గుర్తున్నాడు కదా అంటుంది. ఆ 'గుర్తున్నాడు కదా' అన్నదే నాకు సాక్ష్యం. గుర్తుండవలసినవాడు రాస్ ఒక్కడే, చాండ్లర్ కొత్తవాడు. మూడో సీజన్‌లో 1993 నాటి బార్‌లో, పెళ్లి కుదిరిన రేచల్ తన స్నేహితురాళ్లతో అంటున్న మాట చాండ్లర్ చెవిన పడుతుంది, అక్కడా ఇద్దరూ అపరిచితులే. మన ఎపిసోడ్‌కు వస్తే 1987లోనూ 1988లోనూ పండుగ రోజున ఇద్దరూ గెల్లర్ కుటుంబం ఇంట్లోనే, అంటే మోనికా, రాస్‌ల తల్లిదండ్రుల ఇంట్లోనే ఉన్నారు. పైగా రెండోసారి మోనికా చేతి కత్తి జారి చాండ్లర్ కాలివేలి కొస తెగింది, తెగిన ముక్కకు బదులు పొరపాటున క్యారెట్ ముక్కను ఆసుపత్రికి పట్టుకుపోయారు. అలాంటి రాత్రి ఆ ఇంట్లో ఉన్న మనిషిని ఎవరు మరచిపోతారు? ఇది చాలదన్నట్టు, 2004 ఫిబ్రవరిలో పదో సీజన్ ఎపిసోడ్ ఒకటి 1987 నాటి కాలేజీ పార్టీలో వాళ్లిద్దరూ ముద్దు కూడా పెట్టుకున్నారని చెప్పింది.

ఆ పార్టీ తేదీ మీద ఒక గంట ఆలోచించాను. మోనికాను చాండ్లర్ తొలిసారి చూసింది 1987 నవంబరు 26న, ఆ ఏటి థాంక్స్‌గివింగ్ నాడు. పార్టీకి మోనికా కూడా వచ్చింది, సంవత్సరం 1987. కాబట్టి అది నవంబరు 26 తరువాత, డిసెంబరు 31 లోపు జరిగి ఉండాలి. ఉన్నవి ఐదు వారాలు. ఇరుకే, అయినా అసాధ్యం కాదు. మోనికా వరకు దాన్ని 'సందేహం' కింద ఉంచి, రేచల్ విషయంలో మాత్రం 'పొరపాటు' అని రాశాను.

పన్నెండో రోజు

నిన్న రాత్రి పట్టికకు ప్రసార తేదీ అనే ఆరో నిలువు వరుసను చేర్చాను. మొదటి రోజే చేయవలసిన పని అది. చాండ్లర్-రేచల్ వరుసలను ప్రసార తేదీ ప్రకారం అమర్చగానే (ఈసారి అన్ని నిలువు వరుసలనూ కలిపి ఎంచుకుని) కనిపించినది చూసి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. 1994లో చెప్పిన పరిచయం 1994లోనే జరిగింది. 1996లో చెప్పినది 1993లో జరిగింది. 1998లో చెప్పినది 1987లో మొదలైంది. 2004లో చెప్పినది కూడా 1987లోనే, అదీ ముద్దుతో. సీరియల్ ముందుకు సాగేకొద్దీ వాళ్ల తొలి పరిచయం వెనక్కి జరుగుతూ, మరింత దగ్గరవుతూ వచ్చింది.

అజాగ్రత్త అయితే తప్పులు ఇటూ అటూ చెల్లాచెదురుగా ఉండాలి. ఇవి అన్నీ ఒకే దిక్కుకు జరిగాయి. పదేళ్లు కలిసి గడిపిన మనుషులకు పాత బంధం ఉండాలని రాసేవారికీ చూసేవారికీ కూడా అనిపిస్తుంది. మోనికా, చాండ్లర్ 1998 మేలో లండన్‌లో దగ్గరయ్యారు. ఆరు నెలల తరువాత వచ్చిన ఈ ఎపిసోడ్ చివర, మోనికా టర్కీని తలకు తొడుక్కుని, దానికి ఎర్ర టోపీ, పెద్ద కళ్లజోడు పెట్టి, చాండ్లర్ అలక తీర్చడానికి నాట్యం చేస్తుంది, అతని నోటి నుంచి ప్రేమిస్తున్నానన్న మాట మొదటిసారి జారుతుంది. ఆ మాటకు బరువు రావాలంటే వెనక 1987లో చాండ్లర్ ఆమెను లావు అన్న అవమానమూ 1988 నాటి గాయమూ ఉండాలి. రేచల్ మోనికాకు ప్రాణస్నేహితురాలు కనుక ఆ ఇంట్లో ఆమె కూడా ఉండి తీరాలి. 1994 నాటి పరిచయం అక్కడే బలైపోయింది.

పద్నాలుగో రోజు

ఏడో నిలువు వరుస: 'దిద్దాలంటే ఏమి వదులుకోవాలి?' దీన్ని నింపడానికే రెండు రోజులు పట్టింది. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన వరుస ఇదే.

తలుపు నంబర్లకు ఏమీ వదులుకోనక్కర్లేదు, వాళ్లే మార్చారు. టర్కీకి బదులు పంప్‌కిన్ పై వడ్డిస్తే ఒక్క పదం మారుతుంది, నవ్వు చెక్కుచెదరదు. చాండ్లర్-రేచల్ పరిచయాన్ని దిద్దాలంటే మాత్రం 1987, 1988 సన్నివేశాలు రెండూ తీసేయాలి, అవి పోతే ఎపిసోడే లేదు. అందుకని అక్కడ 'పొరపాటు' అన్న మాట పక్కన 'ఉండనివ్వాలి' అని చేర్చాను. నా నియమం ప్రకారం ఒక్క మాటే ఉండాలి, అయినా ఇక్కడ రెండు మాటలూ అవసరమే.

ఇక జోయీ తల మీది టర్కీ. చివరి నాట్యానికి ముందుగా ఎవరో ఒకరు ఆ పని చేసి ఉండాలి కనుక సన్నివేశం తప్పనిసరి. అయితే అది 1992లోనే జరగాలా? 1993 థాంక్స్‌గివింగ్ నవంబరు 25న వచ్చింది. మూడో సీజన్ ఎపిసోడ్ లెక్క ప్రకారం, మూడేళ్లంటే సరిగ్గా మూడేళ్లే అనుకుంటే, అప్పటికి జోయీ ఎదురింట్లో దిగి కొద్ది వారాలైంది. అంతకు ముందు మోనికాతో కలిసి ఉన్న ఫీబీ అప్పటికే ఆ ఇల్లు విడిచి వెళ్లినా పండుగకు రావడానికి అడ్డేమీ లేదు. మోనికా కోపం, ఇరవైమంది అతిథులు, లోపలి దుర్వాసన, అన్నీ అలాగే ఉంటాయి. కొత్తగా చేరినవాడు చాండ్లర్‌ను భయపెట్టాలనుకోవడం ఇంకా సహజంగా ఉంటుంది. సంవత్సరంలో చివరి అంకె 2కు బదులు 3 అయితే చాలు.

రాత్రి అక్కకు ఈ ఒక్క వరుసను మాత్రమే ఫొటో తీసి పంపాను. 1993 నాటికి ఫీబీ నిజంగానే ఇల్లు మారిందా, సామాను తీసుకెళ్లిన సన్నివేశం మళ్లీ చూసి చెప్పమని బదులిచ్చింది. మూడో సీజన్ డిస్కు బయటికి తీసి పెట్టాను.